మేళాకు వెళ్లండి.. చదువును ఇంటికి తెచ్చుకోండి
బోధనోపకరణాల ప్రదర్శనల్లో తల్లిదండ్రులు గమనించవలసినవి

నల్గొండ: మూడో తరగతికి వచ్చిన బిడ్డ ఒక చిన్న వాక్యాన్ని కూడా తడబడకుండా చదవలేకపోతే ఆపై తరగతుల్లో ప్రతి పాఠమూ బరువే అవుతుంది. గణితమైనా, పరిసరాల విజ్ఞానమైనా ముందు చదవగలిగితేనే కదా అర్థమయ్యేది. ఈ లోటును తొలి తరగతుల్లోనే పూడ్చేందుకు ఉపాధ్యాయులు తమ చేతులతో తయారుచేసిన వస్తువులను ఒకచోట ప్రదర్శించే కార్యక్రమమే బోధనోపకరణాల మేళా. బడుల్లో దీనిని టీఎల్‌ఎం మేళా అంటారు. ఇది ఉపాధ్యాయులకు, అధికారులకు మాత్రమే సంబంధించినదని చాలామంది భావిస్తారు. నిజానికి తల్లిదండ్రులకూ ఇందులో నేర్చుకోదగినది ఎంతో ఉంది.

నేపథ్యం ఇదీ..
ప్రాథమిక పాఠశాలలకు బోధనోపకరణాలను సమకూర్చే ప్రయత్నం 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పథకంతో దేశవ్యాప్తంగా ఊపందుకుంది. అనంతరం సర్వశిక్షా అభియాన్ కింద వీటి తయారీకి ఒక్కో ఉపాధ్యాయునికి ఏటా రూ.500 చొప్పున ఇచ్చేవారు. మూడో తరగతి ముగిసేసరికి ప్రతి చిన్నారికీ చదవడం, రాయడం, లెక్కలు చేయడం రావాలన్న లక్ష్యంతో కేంద్రం 2021 జులైలో నిపుణ్ భారత్‌ను ప్రారంభించింది. తెలంగాణలో 2022లో తొలిమెట్టు కార్యక్రమం మొదలైన తరువాత మండల, జిల్లా స్థాయి మేళాలకు ప్రాధాన్యం పెరిగింది.

ఖర్చు లేని సాధనాలు
బల్లలపై కనిపించే వాటిలో అధికభాగం ఇంట్లో దొరికేవే. అట్టముక్కలపై రాసిన అక్షరాలు, బొమ్మల కార్డులు, చింతగింజలు, సీసా మూతలు, చీపురు పుల్లలు ఇందుకు ఉదాహరణలు. అయితే వాటిని వాడే తీరులోనే అసలు కిటుకు ఉంది.
42 నుంచి 17 తీసివేయడాన్ని తీసుకుందాం. పది పుల్లలను ఒక కట్టగా కట్టి, నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు బిడ్డ ముందు ఉంచాలి. రెండింటి నుంచి ఏడు తీయడం కుదరదు గనుక ఒక కట్టను విప్పాలి. అప్పుడు విడి పుల్లలు 12 అవుతాయి. అందులో ఏడు తీస్తే ఐదు, మిగిలిన మూడు కట్టల్లో ఒకటి తీస్తే రెండు. అంటే జవాబు 25. పలకపై ‘అప్పు తెచ్చుకోవడం’ అంటే ఏమిటో బిడ్డకు కళ్లారా తెలుస్తుంది. దీనిని ఇంట్లో చేయించడానికి తల్లికి చదువు వచ్చి ఉండనవసరం లేదు, పదుల లెక్క తెలిస్తే చాలు.

ఇంటి భాష వేరైతే..
దేవరకొండ, చందంపేట ప్రాంతాల తండాల్లో పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. నారాయణపేట, గద్వాల సరిహద్దు పల్లెల్లో కన్నడమూ వినిపిస్తుంది. ఇటువంటి పిల్లలకు బొమ్మల కార్డులు మేలు చేస్తాయి. బొమ్మను చూపి ముందుగా ఇంటి భాషలో పేరు చెప్పించి, పిదప తెలుగు పదాన్ని పరిచయం చేయాలి. ఈ పనిలో ఉపాధ్యాయుని కంటే తల్లి సాయమే ఎక్కువ.

మూడు ప్రశ్నలు అడగండి
మేళాకు వెళ్లినవారు అందాన్ని చూసి తిరిగి రాకూడదు. ఈ వస్తువుతో బిడ్డ ఏమి నేర్చుకుంటుంది? దానిని పిల్లలే పట్టుకొని ఆడవచ్చునా, లేక దూరం నుంచి చూడవలసినదేనా? ఇంట్లో ఉన్నవాటితో మేమూ చేసుకోగలమా? ఈ మూడింటికీ సమాధానం రాబట్టాలి. రంగుల థర్మాకోల్ నమూనా కంటే చేతిలో నలిగే పుల్లల కట్టే బిడ్డకు ఎక్కువ నేర్పుతుంది.

బడికి బదులు కాదు
అమెరికాలో బడికి పంపకుండా ఇంట్లోనే చదువు చెప్పే కుటుంబాలు పుస్తకాల ఎంపికకు ఇటువంటి ప్రదర్శనలకు వెళ్తుంటాయి. మన పల్లెల్లో ఇంటి సాధన బడికి తోడు మాత్రమే కావాలి. పాలమూరు నుంచి పనుల కోసం ముంబయి, పుణె బాట పట్టే కుటుంబాల పిల్లలకు చదువు మధ్యలో తెగిపోయే ప్రమాదం ఉంది. అట్టముక్కలు, పుల్లలు మూటలో పెట్టుకుంటే సాధన ఆగదు. తిరిగి వచ్చాక బడిలో చేర్చడానికి వెనుకాడవలసిన పని లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. ప్రవేశాల గడువు దాటిందనో, టీసీ ఆలస్యమైందనో నిరాకరించరాదు. 14 ఏళ్లు నిండి బడి మానినవారికి సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి పూర్తిచేసే అవకాశం ఉంది.

మేళా ముగిసిన మరునాడు ఆ సామగ్రి బీరువాలోకి చేరితే పడిన శ్రమ వృథాయే. అది తరగతి గదిలో పిల్లల చేతికి అందుతున్నదా లేదా అని బడికి వెళ్లి అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది. మీ మండలంలో మేళా ఎప్పుడో ప్రధానోపాధ్యాయుని ముందే అడిగి తెలుసుకోండి. వెళ్లేటప్పుడు పిల్లలనూ వెంట తీసుకువెళ్లండి.