ముందు బొమ్మ కదలనీ... మెషీన్ తర్వాత మారుద్దాం!

సొంతంగా ఓ చిన్న కార్టూన్ సినిమా తీయాలన్న కోరిక చాలామందికి ఉంటుంది. ‘మన కంప్యూటర్ సరిపోదులే’ అన్న మాట దగ్గరే అది ఆగిపోతుంది. నిజంగా ఏది సరిపోదు? ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలి? డబ్బు పెట్టాల్సి వస్తే ముందు దేనిమీద పెట్టాలి? ఇంట్లో కూర్చుని యానిమేషన్ చేసుకునేవారి కోసమే ఈ కథనం.

ఉదయం తొమ్మిదింటికి రెండరింగ్, అంటే సీన్‌ని ఫ్రేము ఫ్రేముగా బొమ్మలు చేసే పని, మొదలుపెట్టాను. పది సెకన్ల షాట్. మట్టి రోడ్డు మీద ఓ ముసలాయన చేతికర్ర ఊతంతో నడిచొస్తుంటాడు. సెకనుకి 24 ఫ్రేముల చొప్పున 240 బొమ్మలు. ఒక్కో బొమ్మ తయారవడానికి నా కంప్యూటర్‌కి అయిదు నిమిషాలు పడుతోంది. అంటే మొత్తం 20 గంటలు. రాత్రి పన్నెండున్నర దాటాక 187వ ఫ్రేము నడుస్తుండగా కరెంటు పోయింది.

రెండు నిమిషాల్లోనే వచ్చింది కానీ అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది. ఫలితం నేరుగా వీడియో ఫైలుగా సేవ్ అయ్యేలా పెట్టుకున్నాను. మధ్యలో తెగిన ఆ ఫైలు ఇక తెరుచుకోలేదు. పదిహేనున్నర గంటల పని పోయింది. తెల్లారగానే నేను చేసిన మొదటి పని... కొత్త గ్రాఫిక్స్ కార్డుల ధరలు వెతకడం! నిజానికి ఆ రాత్రి నన్ను కాపాడగలిగేవి రెండే: సెట్టింగుల్లో ఓ చిన్న మార్పు, ఓ యూపీఎస్. ఈ సంగతి బోధపడటానికి నాకు చాలాకాలం పట్టింది. మీకు అంత పట్టకూడదు.

సొంత కంప్యూటర్ నుంచి ఆస్కార్‌కి

2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న ‘ఫ్లో’ లాత్వియా దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్‌ది. వరదలో చిక్కుకున్న ఓ పిల్లి కథ, ఒక్క మాట కూడా ఉండదు. ఆ సినిమాని ‘బ్లెండర్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తీశారు. పెద్ద స్టూడియోల్లో వందల కంప్యూటర్లను వరసగా పెట్టి ఫ్రేములు తయారు చేస్తారు, దాన్ని రెండర్ ఫార్మ్ అంటారు. ‘ఫ్లో’కి అలాంటిదేమీ వాడలేదు. చివరి రెండరింగ్ దర్శకుడి సొంత కంప్యూటర్ మీదే జరిగింది. బ్లెండర్‌లో ఉండే ‘ఈవీ’ అనే వేగవంతమైన రెండర్ ఇంజిన్ వల్ల అది సాధ్యమైంది.

ఆ సాఫ్ట్‌వేర్ కథ కూడా తెలుసుకోదగ్గదే. నెదర్లాండ్స్‌కి చెందిన టోన్ రోసెండాల్ దాన్ని తయారుచేశాడు. దాన్ని నడిపిన కంపెనీ 2002లో మూతపడింది. హక్కులు విడిపించడానికి లక్ష యూరోలు కావాల్సి వస్తే, వాడేవాళ్లంతా తలా కొంత వేసుకుని ఏడు వారాల్లో ఆ మొత్తం పోగుచేశారు. అదే ఏడాది అక్టోబరు 13న అది అందరిదీ అయింది. ఈరోజు మీరు రూపాయి కట్టకుండా డౌన్‌లోడ్ చేసుకుంటున్నారంటే అది ఆనాటి చందాల పుణ్యమే. దాంతో తీసిన సినిమా మీ సొంతం, అమ్ముకున్నా అడిగేవారుండరు.

ఏ పనికి ఏది?

త్రీడీ చేయాలంటే బ్లెండర్ చాలు. అందులోనే ‘గ్రీజ్ పెన్సిల్’ అనే పనిముట్టుతో చేత్తో గీసే టూడీ కూడా చేయొచ్చు. కాగితం మీద గీసినట్టే ఒక్కో ఫ్రేమూ గీయాలనుకునేవారికి క్రిటా బాగుంటుంది. అదీ ఉచితమే. జపాన్‌లో గిబ్లీ స్టూడియో వాడిన ‘టూన్జ్’ సాఫ్ట్‌వేర్ 2016 నుంచి ‘ఓపెన్‌టూన్జ్’ పేరుతో ఉచితంగా దొరుకుతోంది. పాత, బలహీనమైన కంప్యూటరైతే పెన్సిల్‌టూడీతో మొదలుపెట్టొచ్చు. షాట్లు కలపడానికి, రంగులు సరిచేయడానికి డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ ఉంది. కాకపోతే అది కాస్త బలమైన మెషీనే అడుగుతుంది.

ఇన్ని ఉచితంగా ఉన్నప్పుడు ‘క్రాక్’ చేసిన ఖరీదైన సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లొద్దు. దాంతోపాటు వచ్చే వైరస్ మీ ఫైళ్లన్నిటినీ తుడిచిపెట్టగలదు.

ఒక సినిమా మధ్యలో ఉండగా సాఫ్ట్‌వేర్ వెర్షన్ మార్చొద్దు. బ్లెండర్‌లో రెండేళ్లపాటు మరమ్మతులు అందే ‘ఎల్‌టీఎస్’ వెర్షన్లు ఉంటాయి. పని మొదలుపెట్టేటప్పుడు వాటిలో ఒకటి ఎంచుకుని, పూర్తయ్యేదాకా దాంతోనే ఉండండి. కొత్త వెర్షన్ వచ్చిందని ఆశగా మారిస్తే, ముందురోజు దాకా బాగా నడిచిన బొమ్మ చెయ్యి మర్నాడు వెనక్కి తిరిగిపోవచ్చు.

అడ్డం ఎక్కడ పడుతోంది?

‘కంప్యూటర్ స్లోగా ఉంది’ అనేది రోగం పేరు కాదు, లక్షణం మాత్రమే. జ్వరం అనగానే మందు కొనం కదా, ముందు రక్తపరీక్ష చేయిస్తాం. ఇక్కడ ఆ పరీక్ష పేరు టాస్క్ మేనేజర్. మీ సీన్ తెరిచి ఉంచి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. ‘పెర్ఫార్మెన్స్’ పేజీకి వెళ్లండి. ఇప్పుడు బొమ్మని కదపండి, ఒక ఫ్రేము రెండర్ చేయండి.

మెమరీ 95 శాతం దగ్గర ఉండి, డిస్క్ గ్రాఫు నూటికి నూరు కొడుతోందా? మీకు ర్యామ్ చాలడం లేదు, కంప్యూటర్ ఆ బరువుని డిస్కు మీదికి దించుతోంది. ప్రాసెసర్ వంద శాతం ఉండి గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా కూర్చుందా? అయితే ఏమీ కొనక్కర్లేకపోవచ్చు. బ్లెండర్‌లోని ‘సైకిల్స్’ ఇంజిన్‌కి మనం చెప్పేదాకా గ్రాఫిక్స్ కార్డు ఉన్న సంగతే పట్టదు. ప్రిఫరెన్సెస్‌లో ‘సిస్టమ్’ కింద మీ కార్డుని టిక్ చేయాలి. ఆ తర్వాత రెండర్ సెట్టింగుల్లో ‘డివైస్’ దగ్గర ‘జీపీయూ కంప్యూట్’ ఎంచుకోవాలి. రెండూ చేస్తేనే పని జరుగుతుంది. కార్డు కొని, ఈ రెండో టిక్ మర్చిపోయి, నెలల తరబడి ప్రాసెసర్ మీదే రెండర్ చేసుకునేవాళ్లున్నారు.

గ్రాఫిక్స్ కార్డు సొంత మెమరీ నిండిపోతే మాత్రం సీన్ ఆగుతుంది, లేదా బాగా నెమ్మదిస్తుంది. దానికీ కార్డు మార్చేలోపు చేయాల్సిన పని ఒకటుంది.

పైసా ఖర్చు లేని మందులు

ఫొటోలు చిన్నవి చేయండి: కుండ మీద మట్టి రంగు కోసం అంటించిన ఫొటో డిస్కు మీద 3 ఎంబీయే ఉండొచ్చు. కానీ 4096 పిక్సెళ్ల చదరపు బొమ్మ మెమరీలోకి ఎక్కాక 64 ఎంబీ అవుతుంది. అలాంటివి ఇరవై ఉంటే 1,280 ఎంబీ. దూరంగా చూరు కింద కనిపించే కుండకి అంత అవసరమా? 1024 పిక్సెళ్లకి తగ్గిస్తే 4 ఎంబీతో సరిపోతుంది, ప్రేక్షకుడికి తేడా తెలియదు.

నున్నదనం తగ్గించండి: సబ్‌డివిజన్ (ఆకారాన్ని ముక్కలు చేసి నున్నగా చేసే సెట్టింగు) ఒక్క మెట్టు పెంచితే ముక్కల సంఖ్య నాలుగింతలవుతుంది. పనిచేసేటప్పుడు ఒకటి, రెండర్‌కి రెండు పెట్టుకుంటే చాలు.

శాంపిల్స్ చూసుకోండి: ఒక్కో పిక్సెల్ రంగు తేల్చడానికి ఇంజిన్ ఎన్నిసార్లు లెక్కవేస్తుందో అవే శాంపిల్స్. సైకిల్స్‌లో మనం ముట్టుకోకపోతే రెండర్‌కి గరిష్ఠంగా 4096 శాంపిల్స్ ఉంటాయి. బొమ్మలో గరుకుతనం సగం కావాలంటే శాంపిల్స్ నాలుగింతలు కావాలి. కాబట్టి పైకి పోయేకొద్దీ ఖర్చెక్కువ, ఫలితం తక్కువ. 256 పెట్టి, గరుకుతనాన్ని తుడిచే ‘డీనాయిజ్’ ఆన్ చేసి చూడండి. మరీ తగ్గిస్తే ఫ్రేము ఫ్రేముకీ నీడలు మిణుకుమిణుకుమంటాయి. అందుకే ఒక్క ఫ్రేము చూసి సరిపెట్టుకోకుండా వరసగా ఇరవై ఫ్రేములు ఆడించి చూడాలి.

ముందు సగం సైజులో చూడండి: రిజల్యూషన్ 50 శాతం పెడితే పిక్సెళ్లు నాలుగోవంతే. చెయ్యి తలుపులోంచి దూసుకుపోవడం లాంటి తప్పులన్నీ అక్కడే దొరికిపోతాయి.

ఒక బొమ్మని రెండు ఫ్రేములు నిలపండి: చేత్తో గీసే యానిమేషన్‌లో సెకనుకి 12 బొమ్మలే గీసి, ఒక్కోదాన్ని రెండు ఫ్రేములు చూపించడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ‘స్పైడర్‌మ్యాన్: ఇన్‌టు ద స్పైడర్‌వర్స్’ త్రీడీలోనూ చాలాచోట్ల ఇదే పాటించి దాన్ని ఓ అందంగా మార్చింది. శ్రమా, రెండర్ సమయమూ రెండూ సగమవుతాయి.

ఎప్పుడూ పీఎన్‌జీ బొమ్మలుగానే సేవ్ చేయండి: నా 187వ ఫ్రేము నేర్పిన పాఠమిది. ఫ్రేముకో ఫైలు ఉంటే, కరెంటు పోయినా అప్పటిదాకా చేసినవి పదిలం. ఆగినచోటి నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు. అవుట్‌పుట్‌లో ‘ఓవర్‌రైట్’ తీసేసి ‘ప్లేస్‌హోల్డర్స్’ పెడితే, ఇంట్లో రెండు కంప్యూటర్లుంటే ఒకే ఫోల్డర్‌లోకి రెండూ పంచుకుని రెండర్ చేస్తాయి. చివర్లో బొమ్మలన్నిటినీ వీడియోగా కట్టడం నిమిషాల పని.

కొనక తప్పదంటే... ఈ వరసలో

మొదట ఎస్‌ఎస్‌డీ. ఇంకా పాత హార్డ్‌డిస్కు మీదే ఉంటే, మార్చగానే కంప్యూటర్ కొత్తదైనట్టుంటుంది. పాత డిస్కు సెకనుకి 100-200 ఎంబీ చదివితే, మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ 500 పైన చదువుతుంది. పాత డిస్కుని పారేయకుండా బ్యాకప్‌కి వాడుకోండి.

రెండోది ర్యామ్. 8 జీబీతో నేర్చుకోవచ్చు, 16 జీబీతో హాయిగా పనిచేయొచ్చు, పెద్ద సీన్లకి 32 జీబీ కావాలి. ఒకే 16 జీబీ ముక్క కన్నా రెండు 8 జీబీ ముక్కలు వేస్తే వేగం బాగుంటుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్లలో ఈ తేడా మరీ తెలుస్తుంది. మీ బోర్డు డీడీఆర్4దో, డీడీఆర్5దో చూసుకోండి. ఒకదానిది ఇంకోదాంట్లో పట్టదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. కొనేముందే ఆ సంగతి తేల్చుకోవాలి.

మూడోది గ్రాఫిక్స్ కార్డు. ఇక్కడ పేరులోని అంకె చూసి మోసపోవద్దు. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3060లో 12 జీబీ మెమరీ ఉన్న రకం దొరుకుతుంది. దాని తర్వాత వచ్చిన 4060లో ఉన్నది 8 జీబీయే. కొత్తది వేగమైనది, 115 వాట్లతోనే నడుస్తుంది. పాతది 170 వాట్లు లాగుతుంది కానీ పెద్ద సీన్‌ని లోపల ఇముడ్చుకోగలదు. చిన్న సీన్లు, త్వరగా కావాలనుకుంటే మొదటి మాట వేగానిది. చెట్లు, ఇళ్లు, జనంతో ఊరంతా కట్టాలనుకుంటే మెమరీదే. ఏ కార్డయినా పవర్ సప్లై దాన్ని మోయగలదా, క్యాబినెట్‌లో పొడవు పడుతుందా అన్నవి కొలుచుకున్నాకే డబ్బు కట్టండి.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల పాత కార్డులూ దొరుకుతాయి. కొనాలంటే మీ సీన్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లండి. దుకాణంలోనే పదిహేను నిమిషాలు రెండర్ చేయించండి. ఫ్యాను గరగరలాడినా, తెర మీద చుక్కలు వచ్చినా తీసుకోవద్దు. బిల్లూ, వారంటీ కాగితమూ లేనిదాన్ని ఎంత చవకైనా వదిలేయండి.

ఇక యూపీఎస్. 600 వీఏ అని రాసి ఉన్నది సాధారణంగా 360 వాట్లే మోస్తుంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌కి 1000 వీఏ అయితే ధైర్యం. అది గంటలకొద్దీ నడపదు, సేవ్ చేసి ఆపుకునే వ్యవధి ఇస్తుంది. మనకు కావాల్సింది అదే.

ల్యాప్‌టాప్‌వాళ్లు మే నెలలో మరీ జాగ్రత్తగా ఉండాలి. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. వెనకభాగం రెండు పుస్తకాల ఎత్తున లేపి గాలి ఆడనివ్వండి. పరుపు మీద పెట్టి రెండర్ చేయొద్దు. ఏడాదికోసారి ఫ్యానులో దుమ్ము తీయించండి.

టైటిల్లో తెలుగు విరగకుండా...

బ్లెండర్‌లో నేరుగా తెలుగు టైప్ చేస్తే ఒత్తులు, గుణింతాలు విడిపోయి కనిపించడం మనవాళ్లందరికీ అనుభవమే. దానికి తేలిక దారి ఉంది. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లో యూనికోడ్ ఫాంటుతో టైటిల్ రాయండి. ‘ఆబ్జెక్ట్ టు పాత్’ నొక్కితే అక్షరాలు గీతలుగా మారిపోతాయి. దాన్ని ఎస్‌వీజీగా సేవ్ చేసి బ్లెండర్‌లోకి తెచ్చుకోండి. ‘క్ష్మ’ అయినా, ‘స్త్రీ’ అయినా చెక్కుచెదరదు. దానికి మందం ఇచ్చి త్రీడీ అక్షరాలుగా చేసుకోవచ్చు. మన సినిమా పేరు మన లిపిలో తప్పులేకుండా పడాలి. ఆ పావుగంట శ్రమ తప్పకుండా పడండి.

ఆ 240 బొమ్మలు

ముసలాయన షాట్‌ని కొన్నాళ్లకి మళ్లీ రెండర్ చేశాను. అదే పాత కంప్యూటర్. కొత్తగా కొన్నది యూపీఎస్ ఒక్కటే. దూరపు ఇళ్ల ఫొటోలు చిన్నవి చేశాను, శాంపిల్స్ తగ్గించి డీనాయిజ్ పెట్టాను, ఫలితం పీఎన్‌జీల్లోకి మార్చాను. ఫ్రేముకి ఒకటిన్నర నిమిషం పట్టింది. రాత్రి పదింటికి మొదలుపెడితే తెల్లవారుజామున నాలుగింటికి 240 బొమ్మలూ ఫోల్డర్‌లో ఉన్నాయి. ఆయన రోడ్డు చివరిదాకా నడిచి, ఆగి, కర్ర మీద రెండు చేతులూ ఆన్చి వెనక్కి చూశాడు. ఆ చూపు సరిగ్గా కుదరడానికి నాకు పట్టింది రెండు వారాలు. ఏ కార్డూ దాన్ని నాకు చేసిపెట్టేది కాదు.

‘ఛోటా భీమ్’ పుట్టింది మన హైదరాబాద్‌లోనే. యానిమేషన్ ఎక్కడో విదేశాల్లో జరిగే పని కాదని 2008లోనే అది చూపించింది. మీ అమ్మమ్మ చెప్పిన కథో, మీ వీధి చివర కుక్కపిల్లో... పది సెకన్లకి సరిపడా ఏదో ఒకటి మీ దగ్గర ఉండే ఉంటుంది. ఈ ఆదివారం ఉన్న కంప్యూటర్‌లోనే దాన్ని మొదలుపెట్టండి. పూర్తిచేయండి. అది ఎక్కడ ఆగిందో రాసిపెట్టుకోండి. మీరు కొనాల్సిన వస్తువు పేరు ఆ కాగితం మీదే ఉంటుంది.