షేర్లు అమ్మితే చేతికొచ్చిందంతా లాభం కాదు: పద్దు ఇలా రాయాలి

రంజాన్ దగ్గరపడితే జకాత్ లెక్క, జూలై వస్తే ఇన్‌కం ట్యాక్స్ రిటర్న్. షేర్లు ఉన్న ఇళ్లలో ఈ రెండుసార్లూ ఒకటే తికమక: అసలు లాభం ఎంత? చాలామంది అమ్మిన సొమ్ము బ్యాంకులో పడగానే మొత్తాన్నీ "ఆదాయం" కింద రాసేస్తారు. అక్కడే పద్దు తప్పుతుంది.

గ్నూక్యాష్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ప్రతి లావాదేవీకీ రెండు వైపులుంటాయి. దుకాణంలో ట్యాలీ చూసినవారికి ఇది కొత్తేం కాదు. షేర్లు కొనడం ఖర్చు కాదు, బ్యాంకులోని ఆస్తి షేర్ల ఖాతాలోకి మారడమే.

ఒక లెక్క చూద్దాం. మొదట 100 షేర్లు 200 రూపాయల చొప్పున కొన్నారు, బ్రోకరేజీ 100. అంటే ఖరీదు 20,100. ఏడాదిన్నర తర్వాత ఇంకో 50 షేర్లు 260 చొప్పున, బ్రోకరేజీ 50. ఖరీదు 13,050. రెండు నెలలాగి 120 షేర్లు 300 చొప్పున అమ్మారు. బ్రోకరేజీ 120 పోగా చేతికొచ్చింది 35,880.

డీమ్యాట్ షేర్లకు ముందు కొన్నవే ముందు అమ్మినట్టు లెక్క. కాబట్టి మొదటి 100 షేర్ల ఖరీదు 20,100, రెండో విడతలో 20 షేర్లది 5,220. మొత్తం అసలు 25,320. లాభం 10,560 మాత్రమే. సగటు ధర పట్టుకుంటే 9,360 వస్తుంది, పన్ను లెక్కకు అది పనికిరాదు.

గ్నూక్యాష్‌లో అమ్మకం ఎంట్రీలో షేర్ల ఖాతా నుంచి 120 షేర్లు తగ్గించి, 35,880 బ్యాంకుకు చూపాలి. ఇక్కడితో ఆపేస్తే పుస్తకంలో షేర్ల విలువ మైనస్ 2,730 అవుతుంది. చేతిలో ఇంకా 30 షేర్లున్నా! అందుకే మరో వరుస రాయాలి: షేర్ల సంఖ్య సున్నా, కొనుగోలు వైపు 10,560. దానికి ఎదురు పద్దు ఆదాయం కింద "మూలధన లాభం". అప్పుడు ఖాతాలో 7,830 మిగులుతుంది. 30 షేర్లను 261తో గుణించి చూడండి, సరిపోతుంది.

ఆ లాభాన్నీ రెండుగా విడదీయాలి. పాత షేర్లపై 9,800 దీర్ఘకాలిక లాభం, కొత్తవాటిపై 760 స్వల్పకాలిక లాభం. గీత 12 నెలలు. 2024 జూలై 23 నుంచి లిస్టెడ్ షేర్ల స్వల్పకాలిక లాభంపై పన్ను 20 శాతం. దీర్ఘకాలిక లాభంపై ఏడాదికి 1.25 లక్షలు దాటిన భాగానికే 12.5 శాతం. ఎస్‌టీటీని మాత్రం ఖరీదులో కలపొద్దు. పన్ను లెక్కలో దాన్ని తీసివేయనివ్వరు, వేరే ఖర్చు ఖాతాలో రాసుకోండి. (పై లెక్కలో సులువు కోసం దాన్ని వదిలేశాం.)

మిగిలిన 30 షేర్ల ధర పెరిగితే? అది ఇంకా ఆదాయం కాదు. సాఫ్ట్‌వేర్‌లో కొత్త ధర నమోదు చేస్తే చాలు, ఆదాయం ఖాతాను ముట్టుకోవద్దు.

జకాత్ దగ్గర మాత్రం దారి వేరు. పన్ను లాభం మీద, జకాత్ లాభం ఒక్కదాని మీదే కాదు. నిసాబ్ ఉన్నవారి బ్యాంకులో అమ్మిన 35,880 అలాగే ఉంటే, జకాత్ తేదీన ఆ మొత్తమూ లెక్కలోకి వస్తుంది. తిరిగి అమ్మే ఉద్దేశంతో కొన్న షేర్లకు ఆ రోజు మార్కెట్ విలువ మీద 2.5 శాతం. డివిడెండ్ కోసమే ఉంచుకున్నవాటికి ఉలమాలు వేరే లెక్క చెబుతారు, మీ ముఫ్తీ గారిని అడగండి. డివిడెండ్‌ను వేరే ఆదాయ ఖాతాలో రాస్తే, అందులో వడ్డీ భాగాన్ని తీసి దానం చేయడమూ తేలిక.

బోనస్ షేర్లు వస్తే పన్ను లెక్కలో వాటి ఖరీదు సున్నా. తండ్రి నుంచి విరాసత్‌లో వచ్చిన షేర్లకైతే ఆయన కొన్న ధరే ఖరీదు, ఆయన కొన్న తేదీ నుంచే కాలం లెక్క. అందుకని పాత కాంట్రాక్ట్ నోట్లు స్కాన్ చేసి, ఇంట్లో ఇంకొకరికి కూడా ఆ ఫైలు ఎక్కడుందో చెప్పి ఉంచండి.