వంత పాడేది తప్పా?

"ఏమప్పా, ఆయప్ప ఏమి చెప్పినా వంత పాడతా ఉండావే?" మన కోలారు పక్క ఎవరినన్నా ఇట్ల అంటే అది తిట్టే. సొంత బుద్ధి లేనోడని అర్థం. అయితే ఈ మాట వచ్చింది పాటలోనించి. అక్కడ దానికి చెడ్డ పేరు లేదు.

భజనలో ఒకరు పల్లవి ఎత్తుకుంటారు. తక్కినోళ్లంతా దాన్నే తిరిగి పాడతారు. ఆ తిరిగి పాడేదే వంత. బుర్రకథలో మనుషులనే వంతలు అంటారు. నడిమధ్య తంబురాతో కథకుడు, అటొకరు ఇటొకరు డక్కీలతో వంతలు. ఒక వంత హాస్యం చెప్తే, ఇంకొక వంత లోకం సంగతులు ఎత్తుతాడు. వాళ్లు "తందాన తాన" అందుకున్నప్పుడే కథకుడికి ఊపిరి తీసుకునే సందు దొరికేది.

వంత పక్కన వంతు అనే మాట పెట్టి చూడండి. వంతు అంటే భాగం. నీదైనాక నాది అని వచ్చే వరస కూడా. కన్నడంలో వంతిగె అంటే పదిమందీ వేసుకునే చందా. పాత కావ్యాల్లో వంత అంటే దుఃఖం. ఆ అర్థాన్ని దీంతో కలపకూడదు.

కేజీఎఫ్‌లో తమిళం, తెలుగు, కన్నడం పక్కపక్కనే వినిపిస్తాయి. వెనక పాడేదాన్ని తమిళంలో పిన్‌పాట్టు అంటారు. కన్నడంలో హిమ్మేళ అంటే వెనకుండే పాట, వాద్యం అన్నీ. రెండు మాటల్లోనూ 'వెనక' అనేది ఉంది. మన మాటలో అది లేదు. చర్చిలో కాయిర్ ఇంకొక తీరు: అక్కడ నాలుగు గొంతులు నాలుగు వరసల్లో పాడొచ్చు. వంతలో అందరిదీ ఒకే వరస, అందుకే నేర్చుకోనోళ్లు కూడా కలవొచ్చు.

మనకు దీని అక్కర ఎక్కువ. కైవారం తాతయ్య తెలుగు కీర్తనలు మన ఊర్లలో భజనల్లో పాడతారు. 2007లో జిల్లా చీలి కైవారం చిక్కబళ్లాపురంలోకి పోయినా పాట ఆగలేదు. మన పిల్లోళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో చదివేది కన్నడం. తెలుగు అక్షరం రానోళ్లకు కీర్తన నోటికొచ్చేది ఎట్ల? విని, వెంటనే పలికి. అంటే వంతే వాళ్లకు బడి.

స్పీకరులో పాట పెడితే వినేవాళ్లు ఉంటారు, అందుకునేవాళ్లు ఉండరు. ఈసారి భజనకు పోతే పిల్లోళ్లను ముందు కూర్చోబెట్టండి. వంత పాడనీండి.