పరుగెత్తి జిమ్‌కా? జిమ్ చేసి పరుగుకా?

అమీర్‌పేట, పంజాగుట్ట హాస్టళ్లలో ఉంటూ పోలీసు కొలువులకు ప్రిపేరవుతున్న చాలామంది దినచర్య ఇంచుమించు ఒకటే. తెల్లారకముందే ఆయాసం వచ్చేదాకా పరుగు, అటునుంచి అటే జిమ్, తర్వాత కోచింగ్ క్లాసు. కష్టపడటంలో లోటేమీ లేదు. అయినా నెలలు గడిచినా లాంగ్‌జంప్ పెరగదు, షాట్‌పుట్ గుండు గీత దాటదు. చిక్కు చాలాసార్లు వరసలోనే ఉంటుంది.

2022 తెలంగాణ నోటిఫికేషన్‌నే చూడండి. పురుషులకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి, 4 మీటర్లు దూకాలి, 7.26 కిలోల గుండు 6 మీటర్లు విసరాలి. మహిళలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో, జంప్ 2.5 మీటర్లు, 4 కిలోల గుండు 4 మీటర్లు. పరుగుకు కావాల్సింది దమ్ము. మిగతా రెండింటికీ కావాల్సింది ఒక్క క్షణంలో బయటికొచ్చే బలం. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డుపడతాయని అమెరికా పరిశోధకుడు రాబర్ట్ హిక్సన్ 1980లోనే చూపించారు. బరువులు మాత్రమే ఎత్తినవాళ్ల బలం పది వారాలూ పెరుగుతూ పోయింది. బరువులతోపాటు పరుగు, సైక్లింగ్ కూడా చేసినవాళ్ల బలం కొన్ని వారాలు పెరిగి, ఆగి, చివర్లో తగ్గింది. దమ్ముకు మాత్రం నష్టం రాలేదు.

అలాగని బెంబేలు పడొద్దు. ఆయన చేయించిన మోతాదు చాలా ఎక్కువ: వారానికి ఐదు రోజులు బరువులు, ఆరు రోజులు పరుగు, సైక్లింగ్. కండ పెరగడానికి, మొత్తం బలానికి అంత ఇబ్బంది లేదని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. దెబ్బ పడేది ఆ ‘ఒక్క క్షణం’ బలం మీదే. అదీ రెండూ ఒకే పూట వెంటవెంటనే చేసినప్పుడు. కనీసం మూడు గంటల ఎడం ఉంటే ఆ నష్టం తగ్గుతుంది.

కాబట్టి పొద్దున జంప్, గుండు, ఆ తర్వాతే పరుగు. బరువులు సాయంత్రం క్లాసయ్యాక. వేగంగా పరుగెత్తేది వారానికి రెండు రోజులు చాలు, మిగతా రోజులు పక్కవాడితో మాట్లాడగలిగే వేగం సరిపోతుంది. కొత్తగా జిమ్‌లో చేరినవాళ్లు వారానికి రెండు మూడు రోజులు, ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 60–70 శాతంతో 8 నుంచి 12 సార్లు చేస్తే చాలు. గరిష్ఠం ఎంతో తెలియకపోతే, ఇంకో రెండుసార్లు ఎత్తగలం అనిపించినప్పుడే ఆపేయండి. మొదటి వారాల్లో పెరిగే బలం ఎక్కువగా నరాల నుంచి వస్తుంది, కండ నుంచి కాదు. మొదటి రోజే ఫ్రెండ్ పందెం కట్టాడని వంద స్క్వాట్‌లు తీస్తే, మర్నాడు అమీర్‌పేట మెట్రో మెట్లు దిగేటప్పుడు ఏడుపొస్తుంది. ఆ వారం జంప్ ప్రాక్టీసు కూడా పోయినట్టే.

అయితే ఒక మెలిక ఉంది. ఆ ఏడాది గ్రౌండ్‌లో ముందు పెట్టింది పరుగే. అందులో గట్టెక్కినవాళ్లకే మిగతావి. అందుకే చివరి మూడు వారాల్లో వారానికి ఒక్కసారి అదే వరసలో ట్రయల్ వేసుకోండి: పరుగు, కాస్త విరామం, జంప్, గుండు. మిగిలిన రోజుల్లో మాత్రం జంప్, గుండే ముందు. కొత్త నోటిఫికేషన్ వస్తే కొలతలు, వరస మారాయేమో చూసుకోండి.