మీటరు చూడటం మీకు వచ్చా?

పాల లెక్క క్యాలెండర్లో రాసుకుంటాం. ఇస్త్రీ బట్టల పద్దు చూసుకుంటాం. కూరలమ్మి తూకం తగ్గిస్తే అక్కడే నిలదీస్తాం. కాని కరెంటు బిల్లు వస్తే మాత్రం ఎంతుందో చూసి, ఓ నిట్టూర్పు విడిచి కట్టేస్తాం. మొన్న సంక్రాంతి దాకా నేనూ అంతేనండీ.

పండగ వెళ్ళాక వచ్చిన బిల్లు చూసి గుండె గుభేలుమంది. నెలకి 130 యూనిట్లు అయ్యే ఇంట్లో 331 యూనిట్లు! "పొద్దస్తమానం ఆ మిక్సీ తిప్పితే రాదూ మరి?" అన్నారు మా అత్తయ్యగారు. "గీజరు ఆపడం ఎవరికీ గుర్తుండదు" అన్నారు మావారు. ఇద్దరూ అన్నది నన్నే! ఇంటర్‌తో చదువు ఆపేసినదాన్నే అయినా, పట్టుదలగా కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను.

వాట్లు వేరు, యూనిట్లు వేరు

మన గ్యాసు పొయ్యినే తీసుకోండి. మంట ఎంత పెద్దదిగా పెట్టాం అన్నది వాట్లు. అలా ఎంతసేపు మండింది అన్నది గంటలు. చివరికి సిలిండర్లో ఎంత గ్యాసు అయిపోయింది అన్నది యూనిట్లు. అంతే!

వాట్లు ఆయా వస్తువుల మీదే రాసి ఉంటాయి. వాటిని గంటలతో గుణించి 1000తో భాగిస్తే యూనిట్లు వస్తాయి. అంటే 1000 వాట్ల వస్తువు గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్. దీన్నే కిలోవాట్ అవర్ అంటారు.

ఇక లెక్క చూడండి. 2000 వాట్ల గీజరు అరగంట వేడెక్కితే ఒక యూనిట్. 75 వాట్ల పాత ఫ్యాను పది గంటలు తిరిగితే ముప్పావు యూనిట్. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు వంద గంటలు వెలిగినా యూనిట్ కాదు. 750 వాట్ల మిక్సీ రోజుకి పది నిమిషాల చొప్పున నెలంతా తిప్పినా నాలుగు యూనిట్లు దాటదు. పాపం, మిక్సీ నిర్దోషి! ఫ్రిజ్ ఆగుతూ, తిరుగుతూ ఉంటుంది కాబట్టి దానికి ఈ లెక్క కుదరదు. స్టార్ గుర్తుల చీటీ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో ఉంటుంది, 12తో భాగించుకోండి.

చుట్టాల కోసం వాడినదంతా కలిపినా నా లెక్క 150 దాటలేదు. మరి మిగతా 180 యూనిట్లు ఎవరు వాడినట్టు?

దొంగ దొరికాడు

బిల్లు వచ్చిన నాలుగోరోజున మీటరు ముందు నిలబడ్డాను. ఈ కాలపు మీటర్లలో తేదీ, టైము, వోల్టులు ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటాయి. పక్కన కె.డబ్ల్యు.హెచ్. అని ఉన్న అంకె వచ్చేదాకా ఆగాలి. చుక్క తర్వాతి అంకె వదిలేయాలి. మా మీటర్లో 4690 ఉంది. బిల్లులో ఈ నెల రీడింగు 4872! నాలుగు రోజుల తర్వాత అంకె పెరగాలి గాని తగ్గుతుందా? అసలు రీడింగు 4672. ఆ గీతల అంకెల్లో 6కీ 8కీ తేడా ఒక్క గీతే. ఆ ఒక్క గీత మా నెత్తిన 200 యూనిట్లు రుద్దింది.

మీటరు ఫోటో తీసుకుని కరెంటు ఆఫీసుకి వెళ్ళాను. "మీటరు తప్పు చెప్పదమ్మా" అన్నారు అక్కడ. "మీటరు చెప్పలేదండీ, కాగితమే చెప్పింది" అన్నాను. మనిషిని పంపి చూయించి బిల్లు సరిచేశారు.

ఆ, ఎంతలే అనుకోకండి. యూనిట్లు పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరుగుతుంది. తెలంగాణలో 2024లో మొదలైన గృహజ్యోతి పథకంలో 200 యూనిట్ల వరకే ఉచితం. అలాంటి చోట ఒక్క అంకె తప్పు పడితే ఎంత నష్టమో చూడండి.

మీరూ చేసి చూడండి

మీటరు మీద చిన్న ఎర్రదీపం మినుకుమంటుంటుంది. దాని పక్కన 3200 అని ఉంటే, అన్నిసార్లు మినుక్కుమంటే ఒక యూనిట్ అయినట్టు. మిగతావన్నీ ఆపి 1000 వాట్ల ఇస్త్రీపెట్టె ఒక్కటే పెట్టి, మొదటి నిమిషంలో లెక్కపెట్టండి. సుమారు 53 సార్లు రావాలి. మరీ ఎక్కువ వస్తే మీటరు పరీక్ష చేయించమని అడగండి. ఇంట్లో అన్ని స్విచ్చులూ ఆపి, ఫ్రిజ్, టీవీ, ఇన్వర్టర్ ప్లగ్గులు తీసేశాక కూడా దీపం మినుకుతుంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. మీటరు సీలు మాత్రం ముట్టుకోవద్దు.

ఇప్పుడు మా క్యాలెండర్లో పాల లెక్క పక్కనే ఆదివారం ఆదివారం మీటరు రీడింగు కూడా ఉంటోంది. రాసేది ఎవరనుకున్నారు? మిక్సీ మీద నేరం మోపిన మా అత్తయ్యగారే!