ఊరి పిల్లల సాఫ్ట్‌బాల్ లీగ్: ఆరంభం, నిధులు, లెక్కలు

తనిఖీకి వెళ్లినప్పుడు సభ్యులు మమ్మల్ని అడిగే ప్రశ్నలు సాధారణంగా వెన్న శాతం, బోనసు, దాణా సరఫరాల చుట్టూ తిరుగుతుంటాయి. కిందటి చలికాలంలో ఆనందపురం వైపు ఒక సంఘంలో ఉదయం పాల సేకరణ ముగిశాక ఒక సభ్యురాలు వేరే ప్రశ్న వేసింది. "మా పిల్ల బడిలో సాఫ్ట్‌బాల్ ఆడతాదండి బాబూ. పదో తరగతి అయిపోతే ఆటా అయిపోతాది. ఊళ్లోనే ఆడుకోడానికి మన సంఘం ఏమైనా సెయ్యగలదా?"

అక్కడున్నవారు కొందరు నవ్వారు. మేము ఆ రోజు సరైన సమాధానం చెప్పలేకపోయాము. తరువాత కొంత చదివి, కొందరు వ్యాయామోపాధ్యాయులను అడిగి తెలుసుకున్న సంగతులను సభ్యుల ఉపయోగార్థం ఇక్కడ వివరిస్తున్నాము.

ఆట ఎట్టిది?

సాఫ్ట్‌బాల్ 1887లో అమెరికాలోని చికాగో నగరంలో పుట్టింది. చలికాలంలో ఒక క్లబ్బు గదిలో పాత బాక్సింగ్ గ్లవ్‌ను కట్టి బంతిగా చేసి, చీపురు కర్రతో కొట్టి ఆడిన ఆటే దీనికి మూలం. ఇప్పటి పేరు 1926లో వచ్చింది. మహిళల సాఫ్ట్‌బాల్‌ను 1996 నుంచి 2008 వరకు నాలుగు ఒలింపిక్స్‌లోనూ, 2021లో జరిగిన టోక్యో క్రీడల్లోనూ ఆడారు. 2028 లాస్ ఏంజిలిస్ క్రీడల్లోనూ చేర్చారు.

జట్టుకు తొమ్మిది మంది. బంతి విసిరేవారు చేతిని కిందినుంచి తిప్పి విసరాలి. కొట్టినవారు నాలుగు మూలలున్న చదరం చుట్టూ పరుగెత్తి తిరిగి మొదటి చోటికి చేరితే ఒక పరుగు. ముగ్గురు అవుటయితే ఎదుటి జట్టు వంతు. ఇలా ఏడు వంతులు. బిళ్లంగోడు ఆడి పెరిగిన మన పిల్లలకు ఇది ఒక్క పూటలో అర్థమవుతుంది.

పేరులో 'సాఫ్ట్' ఉన్నది కదా అని బంతి మెత్తగా ఉంటుందనుకోరాదు. చుట్టుకొలత 12 అంగుళాలు, బరువు క్రికెట్ బంతికంటె కొంచెం ఎక్కువే. కనుక శిరస్త్రాణం లేకుండా ఏ పిల్లనూ బ్యాటు పట్టనివ్వరాదు.

పాల డెయిరీ పేరుతో ఆడిన జట్టు

పిల్లల లీగ్‌లకు నేడు ప్రపంచమంతటా ఆదర్శంగా చెప్పుకునే లిటిల్ లీగ్ 1939లో అమెరికాలోని విలియమ్స్‌పోర్ట్ అనే చిన్న పట్టణంలో మొదలైంది. అది సాఫ్ట్‌బాల్‌కు అన్న వంటిదైన బేస్‌బాల్ లీగ్. కార్ల్ స్టాట్జ్ అనే ఆయన ఊరి పిల్లలకు దుస్తులు, సామగ్రి కొనడానికి వ్యాపారుల గడపలు తొక్కాడు. యాభైకి పైగా చోట్ల లేదనిపించుకున్న తరువాత మొదటిసారి సరే అన్నది ఒక పాల డెయిరీ. ఇచ్చినది 30 డాలర్లు. ఆ తరువాత ఒక కలప వ్యాపారం, ఒక తినుబండారాల కంపెనీ ముందుకు వచ్చాయి. లైకోమింగ్ డెయిరీ, లండీ లంబర్, జంబో ప్రెట్జెల్ అని మూడు జట్లకు దాతల పేర్లే పెట్టారు.

1939 జూన్ 6న జరిగిన తొలి ఆటలో డెయిరీ జట్టు 23–8 తేడాతో ఓడిపోయింది. అయినా ఆ ఏటి ఆఖరుకు విజేతగా నిలిచింది అదే జట్టు.

ఇందులో మనం గ్రహించవలసినవి రెండు. ఒకటి, ఒకే పెద్ద దాత కోసం ఎదురు చూడకుండా ఒక్కొక్క జట్టుకు ఒక్కొక్క చిన్న దాతను వెతుక్కోవడం. రెండవది వారి పొరపాటు. ఆ లీగ్‌లో ఆడపిల్లలకు చోటు దొరికినది 1974లో. సాఫ్ట్‌బాల్ విభాగం పెట్టినదీ ఆ ఏడే. మనం ముప్పై అయిదేళ్లు ఆగనక్కరలేదు. మొదటి రోజునుంచే ఆడపిల్లల జట్లు ఉండాలి.

మన రాష్ట్రంలోనే అనంతపురం జిల్లాలో 1969 నుంచి పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పల్లె పిల్లలకు నేర్పించిన ఆటల్లో సాఫ్ట్‌బాల్ ఒకటి. కరువు సీమ పిల్లలు ఆడగలిగినది సముద్రపుటొడ్డు పిల్లలు ఆడలేరా?

ఎంత స్థలం, ఎంత సామగ్రి?

నాలుగు మూలల మధ్య దూరం 60 అడుగులు. కొట్టేవారు నిలిచే మూలనుంచి బంతి పోయేందుకు 200 అడుగుల మేర వదిలితే ఆట జరిగే భాగం సుమారు 72 సెంట్లు. పక్కలు కలుపుకొని ఎకరం చాలు. హైస్కూలు మైదానం ఉంటే ప్రధానోపాధ్యాయుని వ్రాతపూర్వక అనుమతితో సెలవు రోజుల్లో వాడుకోవచ్చు.

సామగ్రి ప్రతి జట్టుకూ విడిగా కొననక్కరలేదు. ఒక వేళ మైదానంలో కాపు కాసేది ఒకే జట్టు గనుక తొమ్మిది గ్లవ్‌లు రెండు జట్లకూ సరిపోతాయి. ఎడమచేతి పిల్లల కోసం రెండు అదనంగా ఉంచుకోవాలి. అయిదు శిరస్త్రాణాలు, వెనుక బంతి పట్టేవారికి ముఖ కవచం, ఛాతీ కవచం, మూడు నాలుగు బ్యాట్లు, డజను బంతులు, ప్రథమ చికిత్స పెట్టె. ఇవన్నీ ఒకే పెట్టెలో పెట్టి లీగ్ ఆస్తిగా స్టాకు పుస్తకంలో ఎక్కించాలి.

నాలుగు జట్లు, జట్టుకు 12 మంది చొప్పున 48 మంది పిల్లలనుకుందాము. ప్రతి జట్టూ మిగతా మూడింటితో రెండుసార్లు ఆడితే 12 ఆటలు. ఆదివారానికి రెండు చొప్పున ఆరు ఆదివారాలు, ఏడో ఆదివారం ఫైనల్. డిసెంబరు మొదటి ఆదివారం మొదలుపెడితే ఏడో ఆదివారం సంక్రాంతి రోజుల్లో పడుతుంది. తుపానుల కాలం దాటుతుంది, పరీక్షలకు అడ్డం రాదు. ఊరు విడిచి పోయినవారూ పండుగకు వచ్చి ఉంటారు. ఉదయం పాలు పోసి వచ్చాక ఆట మొదలుపెట్టి, సాయంత్రం సేకరణ వేళకు ముందే ముగించాలి. అప్పుడే తల్లులు చూడటానికి రాగలుగుతారు.

సొమ్ము ఎక్కడినుంచి?

చందా అడగక ముందు ధరలు కనుక్కొని అంచనా వ్రాసుకోవాలి. లెక్క తెలియడానికి మాత్రమే ఒక ఉదాహరణ ఇస్తున్నాము. అంచనా 24,000 రూపాయలు అనుకుందాము. 120 కుటుంబాలు తలా 100 రూపాయలిస్తే 12,000. నాలుగు జట్లకు నాలుగు దుకాణాలవారు 2,000 చొప్పున ఇస్తే 8,000. పిల్లల ప్రవేశ రుసుము 50 చొప్పున 2,400. ఫైనల్ రోజు మజ్జిగ, ఫలహారాల అంగడి మీద మిగులు 1,600. మొత్తం సరిపోయింది. రుసుము కట్టలేని పిల్లను ఆపరాదు. ఆ మినహాయింపును కమితీ తీర్మానంలో వ్రాసుకోవాలి.

అందరూ డబ్బే ఇవ్వనక్కరలేదు. ఆట రోజు పిల్లలకు ఒకరు రెండు లీటర్ల పాలు ఇవ్వవచ్చు, ఒకరు మైదానం చదును చేయడానికి ట్రాక్టరు పంపవచ్చు. వాటికీ పుస్తకంలో పద్దు ఉండాలి.

పాల సంఘం ఏమి చేయవచ్చు, ఏమి చేయరాదు?

ఆ సభ్యురాలు అడిగిన ప్రశ్నకు అసలు సమాధానం ఇది. పాల సంఘం డబ్బు పాలు పోసినవారిది. అధ్యక్షునికో కార్యదర్శికో మనసయినంత మాత్రాన అది ఆటకు ఇవ్వడానికి వీలులేదు. మన సంఘాలు కొన్ని 1964 సహకార సంఘాల చట్టం కింద, కొన్ని 1995 పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నమోదైనవి. సంఘం ఏ చట్టం కిందిదో ఆ చట్టమూ, సంఘం ఉపవిధులూ అనుమతించిన మేరకు, మిగులులోనుంచి మాత్రమే, సర్వసభ్య సమావేశ తీర్మానంతో ఇవ్వాలి. పాల బిల్లులోనుంచి చందా కోయాలంటే ప్రతి సభ్యుని వ్రాతపూర్వక సమ్మతి తప్పనిసరి. సమ్మతి లేని కోత కనిపిస్తే ఆట మంచిదే అయినా మేము అభ్యంతరం వ్రాయక తప్పదు.

డబ్బు ఇవ్వకుండా చేయగల సాయం చాలా ఉన్నది. సేకరణ కేంద్రం గోడ మీద ఆటల పట్టిక వేయవచ్చు. సమావేశానికి గది ఇవ్వవచ్చు. అన్నిటికంటె ముఖ్యం, లెక్క వ్రాయడం వచ్చిన మన కార్యదర్శి ఆ యువకులకు క్యాషు పుస్తకం వ్రాయడం నేర్పవచ్చు.

లీగ్‌కు వేరే సంఘం, వేరే ఖాతా ఉండాలి. 2001 ఆంధ్రప్రదేశ్ సొసైటీల నమోదు చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే జిల్లా రిజిస్ట్రారు వద్ద నమోదు చేసుకోవచ్చు. ఆ పేరు మీద బ్యాంకు ఖాతా తెరిచి, ఇద్దరి సంతకాలతో సొమ్ము తీసే ఏర్పాటు చేసుకోవాలి. కమితీలో ఆడపిల్లల తల్లులు ఇద్దరైనా ఉండటం మంచిది.

పెద్ద కంపెనీల సంగతి

విశాఖలో రేవు ఉన్నది, ఉక్కు కర్మాగారం ఉన్నది, చమురు శుద్ధి కర్మాగారం ఉన్నది, వారిని అడిగితే పోలేదా అని యువకులు అంటారు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు తమ మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలి. గ్రామీణ క్రీడల శిక్షణ, ఒలింపిక్ క్రీడల శిక్షణ ఆ జాబితాలో ఉన్నాయి. అయితే బయటి సొసైటీ ద్వారా ఆ పని చేయించాలంటే ఆ సొసైటీకి ఆదాయపు పన్ను శాఖ వారి నమోదులు, సీఎస్ఆర్–1 ఫారం, అటువంటి పనిలో మూడేళ్ల అనుభవం ఉండాలి.

అంటే మొదటి ఏడు అర్జీ పట్టుకొని వెళ్లడం వృథా. మూడేళ్లు ఊరి సొమ్ముతో ఆడించి, మూడేళ్ల ఆడిట్ నివేదికలు చేత పట్టుకొని వెళ్తే ఆ తలుపు తట్టే అర్హత వస్తుంది. నేడు వ్రాసిన 50 రూపాయల రశీదే రేపటి పెద్ద విరాళానికి పునాది.

మా అనుభవం ఒకటి

మా ఇరవయ్యవ ఏట మా ఊళ్లో మిత్రులమంతా కలిసి వాలీబాల్ పోటీలు పెట్టాము. ఊరంతా చందా ఇచ్చింది. పోటీలు బ్రహ్మాండంగా జరిగాయి. ఎవరూ పైసా తినలేదు. కాని రశీదులు సగం మందికి ఇవ్వలేదు, ఖర్చు చిత్తు కాగితాల మీద వ్రాశారు, ఆ కాగితాలు ఎక్కడో పోయాయి. "లెక్క చెప్పండర్రా" అని పెద్దలు అడిగితే కోపం వచ్చింది. మరుసటి ఏడు చందాకు వెళ్తే తలుపులు తెరవలేదు. పోటీలు అంతటితో ఆగిపోయాయి. మా తరువాతి పిల్లలకు ఆ ఊళ్లో నెట్ కట్టిన రోజు లేదు.

అప్పటి కోశాధికారులము మేమే. తరువాత సహకార శిక్షణలో డిప్లొమా చదివి, పాతికేళ్లకు పైగా ఇతరుల లెక్కలు తనిఖీ చేశాము. ఆ చిత్తు కాగితాలను మాత్రం నేటికీ మరువలేదు.

కనుక లీగ్ పెట్టేవారు నాలుగు పనులు మరువరాదు. ఎంత చిన్న మొత్తానికైనా రశీదు. ప్రతి ఖర్చుకూ ఓచరు. ప్రతి ఆదివారం ఆట ముగియగానే క్యాషు పుస్తకం సరిచూసి ఇద్దరి సంతకాలు. ఫైనల్ రోజు బహుమతులకు ముందు మైకులో జమాఖర్చులు చదివి, ఆ కాగితం పాల కేంద్రం గోడకు అంటించడం. మిగిలినది 12 రూపాయలైనా సరే చదవాలి.

పాల సంఘాన్ని నిలబెట్టినది పెద్ద రైతు పోసిన క్యాను ఒక్కటే కాదు. అర లీటరు పోసిన ఇల్లాలికి కూడా కొలత సరిగా కొలిచి, చీటీ సరిగా వ్రాసి ఇచ్చాము గనుకనే ఆమె మరునాడూ వచ్చింది. పిల్లల ఆటకూ అదే సూత్రం. ఈసారి ఆ సంఘానికి తనిఖీకి వెళ్లినప్పుడు ఆ సభ్యురాలికి ఈ వ్యాసం చదివి వినిపించి, రశీదు పుస్తకం తెరిస్తే మా వంతు 100 రూపాయలు మొదటి రశీదుకు చెల్లించదలచాము.