పాత కెమెరాలకు కొత్త చూపు!

కిందటి డిసెంబరులో సరూర్‌నగర్‌లోని మా అపార్ట్‌మెంటులో ఒక గ్యాసు సిలిండరు పోయింది. "ఏముంది, కెమెరాలున్నాయిగా!" అనుకుంటూ అందరం సెల్లారులో ఉన్న చిన్న టీవీ ముందు చేరాం. తెర మీద ఒక నల్లటి నీడ భుజాన బరువు మోసుకుంటూ గేటు దాటిపోయింది. మొహం కనబడలేదు. మూలన టైము మాత్రం తెల్లవారుజామున 3.50 అని ఉంది. ఆ వేళ కింద ఉండేది వాచ్‌మన్ ఒక్కడే కదా! ఇంకేముంది, మాటలన్నీ అటే తిరిగాయి. "మా ఆయన అట్లాంటోడు గాదమ్మా" అని అతని భార్య కళ్లనీళ్లు పెట్టుకుంది.

తర్వాత చూస్తే ఆ రికార్డింగు పెట్టె గడియారం రెండు గంటలు వెనక నడుస్తోంది! అంటే అసలు టైము 5.50. ఆ వేళకి అతను రోజూలాగే పైన మా గుమ్మంలో పాలప్యాకెట్లు ఇస్తున్నాడు. సిలిండరు దొరకలేదు సరికదా, ఒక మంచి మనిషిని మూడు రోజులు బాధపెట్టాం. మసక కెమెరా దొంగను పట్టివ్వదు. పైగా అమాయకుడి మీదికి వేలు చూపిస్తుంది.

2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లు జరిగాక మనవైపు కెమెరాల అవసరం అందరికీ తెలిసొచ్చింది. జనం ఎక్కువగా వచ్చే చోట్ల కెమెరాలు ఉండాలని, రికార్డింగు 30 రోజులు దాచాలని అదే ఏడాది చట్టం కూడా వచ్చింది. అయితే అప్పట్లో బిగించిన కెమెరాలు చాలాచోట్ల ఇంకా అలాగే ఉన్నాయి. అన్నీ పీకేసి కొత్తవి పెట్టాలంటే మాటలా? అక్కర్లేదు. ఇలా చేసి చూడండి.

పైసా ఖర్చు లేకుండా...

ముందు పెట్టె గడియారాన్ని మీ సెల్‌ఫోన్ టైముతో సరిచూడండి. తరచూ వెనకబడుతుంటే లోపలి చిన్న బ్యాటరీ అయిపోయిందన్నమాట. కెమెరా అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడవండి. సాలెగూడు కడితే రాత్రిపూట దాని మీద వెలుగుపడి బొమ్మంతా తెల్లగా అలుక్కుపోతుంది. చాలామంది కెమెరాను ఎత్తుగా బిగించేస్తారు. అప్పుడు నడినెత్తి కనిపిస్తుంది కాని మొహం కనబడదు! కొంచెం కిందికి దించి, గేటులోంచి వచ్చేవారికి ఎదురుగా తిప్పించండి. ఎదురెండ పడకుండా, పక్కింటివారి కిటికీ కనబడకుండా చూడటం మరచిపోకండి సుమా!

ఉన్నది ఉంచి, కావలసింది మార్చి...

మా పన్నెండు ఫ్లాట్లవాళ్లం తలా 500 వేసుకుంటే 6,000 అయింది. గోడల్లో ఉన్న 'త్రీ ప్లస్ వన్' కేబులు బాగానే ఉంది కనుక దాని జోలికి పోలేదు. ఈ కేబులు మీదే హెచ్.డి. కెమెరాలూ పనిచేస్తాయి. కోఠి గుజరాతీ గల్లీలో నాలుగు దుకాణాలు తిరిగి, పాత అనలాగ్ కెమెరాలనూ కొత్త హెచ్.డి. కెమెరాలనూ రెంటినీ తీసుకునే డి.వి.ఆర్. ఒకటి 3,200కి కొన్నాం. గేటుకు మాత్రం 2 మెగాపిక్సెల్ కెమెరా 1,300. తరచూ బొమ్మ వణుకుతుంటే కారణం కరెంటు సప్లై అని చెప్పారు, అది 450. తుప్పుపట్టిన కనెక్టర్లకు 150, బిగింపు కూలి 600. మొత్తం 5,700. మిగిలిన 300తో గేటు దగ్గర మంచి ఎల్.ఇ.డి. బల్బు పెట్టించాం. ఆ బల్బు వల్ల రాత్రి బొమ్మ ఎంత తేటగా వచ్చిందో చెప్పలేను!

మిగతా మూడు పాత కెమెరాలు మెట్ల దగ్గర, పార్కింగులో అలాగే ఉన్నాయి. ఎవరో తిరుగుతున్నారని తెలియడానికి అవి చాలు. మొహం గుర్తుపట్టవలసింది గేటు దగ్గరే.

ఎన్ని రోజులు దాస్తుంది?

2 మెగాపిక్సెల్ కెమెరాను 2 ఎం.బి.పి.ఎస్. మీద పెడితే రోజుకు సుమారు 21 జి.బి. పడుతుంది. పాత కెమెరాలను అర ఎం.బి.పి.ఎస్. మీద పెడితే ఒక్కొక్కటి 5 జి.బి. పైచిలుకు. ఆ లెక్కన మా పాత 500 జి.బి. హార్డ్ డిస్కులో పన్నెండు రోజులు నిలుస్తాయి. ఇంకా ఎక్కువ రోజులు కావాలంటే పెద్ద డిస్కు కొనాలి. పాత డిస్కు కొత్త పెట్టెలో వేసే ముందు కావలసిన రికార్డింగును పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి, ఎందుకంటే కొత్త పెట్టె దాన్ని తుడిచేస్తుంది.

మరచిపోకండి...

* పెట్టెను సెల్లారు నేల మీద ఉంచకండి. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు ఎలా మునిగాయో మనకు తెలుసుగా!
* కొన్న రోజే పాస్‌వర్డు మార్చండి. బిగించినవారికి తెలిసిన పాస్‌వర్డు అసలే ఉంచకండి.
* ఇన్వర్టరు ఉంటే పెట్టెతోపాటు కెమెరాల సప్లైని కూడా దానికే కలపండి.
* నెలకోసారి ఒక పాత రోజు రికార్డింగు తీసి చూడండి. తెర మీద బొమ్మ వచ్చినంత మాత్రాన రికార్డవుతున్నట్లు కాదు.

మా ఇంట్లో ఒకటో తారీఖున అటకలు దులిపే పనితోపాటు ఇప్పుడు గడియారం సరిచూసే పని కూడా చేరింది. ఆ పనికి మాకు తోడు వచ్చేది ఎవరనుకున్నారు? మా వాచ్‌మన్ భార్యే!